ఇంట్లో రంగు ఆకులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మన వైపు ఆకుల్లో రంగుంటే చాలు, ఏ మొక్కయినా ‘క్రోటన్ మొక్కే’. ఈ నెల ఉత్తరాల్లోనూ కలాథియా, అగ్లోనిమా, డ్రసీనా అన్నీ క్రోటన్లయిపోయాయి. పిలుచుకోవడానికి ఇబ్బంది లేదు గానీ నీళ్లు పోసే దగ్గర తేడా వస్తుంది. ఒకదానికి సరిపడింది ఇంకోదానికి పడదు. అందుకని జవాబుల్లో అసలు పేర్లే వాడాం. ఈసారి చోటంతా నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకే ఇచ్చాం. అక్కడి ఎండ వేరు, బోరు నీళ్లు ఇంకా వేరు.

ప్రశ్న: ఎరుపు, పసుపు, నారింజ కలగలిసిన క్రోటన్ తెచ్చి హాల్లో టీవీ పక్కన పెట్టాను. పది రోజుల్లో కింది ఆకులన్నీ రాలిపోయినాయి. కొత్తగా వచ్చేవి ఉత్త పచ్చగా ఉంటున్నాయి. నీళ్లు రోజూ పోస్తానే ఉన్నాను. ఎరువు తక్కువైందంటారా?
– గృహిణి, కావలి

జవాబు: ఎరువు కాదమ్మా, వెలుతురు తక్కువైంది.

ముందు ఆకులు రాలడం సంగతి. మీ మొక్క నర్సరీలో మంచి వెలుతురులో పెరిగి, దానికి తగినన్ని ఆకులు వేసుకుంది. టీవీ పక్కన దొరికే వెలుతురుతో అన్నింటినీ పోషించలేక కిందివి వదిలించుకుంది. చోటు మారిస్తే ఆకు రాల్చడం క్రోటన్ పుట్టుబుద్ధి. కాండం మీద గోటితో కాస్త గీరి చూడండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే మొక్క బతికే ఉంది. కానీ సగం ఆకులు పోయిన మొక్క సగం నీళ్లే తాగుతుంది. మీరు రోజూ పోస్తుంటే ఆ మిగులు వేళ్ల దగ్గర నిలిచి కుళ్లు పట్టిస్తుంది. ఇక నుంచి వేలు మట్టిలోకి అంగుళం దించి చూసి, పొడిగా తగిలినప్పుడే పోయండి.

రంగుకూ వెలుతురుకే లెక్క. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు, పసుపు, నారింజలనిచ్చే కెరోటినాయిడ్లు బలమైన వెలుతురు తగిలితేనే బాగా కనపడతాయి. మసక చోట మొక్క ఆకుపచ్చ పదార్థాన్నే ఎక్కువ చేసుకుంటుంది, ఆ పచ్చదనం మిగతా రంగుల్ని కప్పేస్తుంది. తూర్పు కిటికీకి మూడడుగుల దూరంలో వారం రోజులు పెట్టండి. ఆ తర్వాత కిటికీ పక్కకే జరపండి. పొద్దుటెండ రెండు మూడు గంటలు నేరుగా తగలాలి. ఒక్కసారే తీసుకెళ్లి ఏప్రిల్ ఎండలో పెడితే ఉన్న నాలుగాకులూ మాడతాయి. ఇంకో సంగతి: చాలా రకాల్లో ఆకు పచ్చగానో పసుపుగానో పుట్టి, ముదిరే కొద్దీ ఎరుపెక్కుతుంది. కనీసం రెండు నెలలు ఆగకుండా రంగు గురించి తీర్పు చెప్పకండి.

కాండం కింద బోసిపోయి చూడ్డానికి బాగాలేకపోతే గాలి అంటు కట్టండి. మన దగ్గర గాలిలో తేమ ఉండే ఆగస్టు–నవంబరు మధ్య అయితే బాగా పడుతుంది. కొన నుంచి అడుగు కింద, పెన్సిలంత లావున్న చోట అంగుళం వెడల్పున బెరడు చుట్టూ ఒలిచేయండి. ఒలిచిన చోట జిగురు పొర మిగలకుండా కత్తితో గీకాలి, లేకపోతే బెరడు మళ్లీ అతుక్కుపోయి వేరు రాదు. తడిపి గట్టిగా పిండిన నాచు గానీ కొబ్బరిపొట్టు గానీ పిడికెడు పెట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు చివరలా బిగించి కట్టండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో తెల్ల వేళ్లు బయటికి కనపడతాయి. అప్పుడు దాని కింద కోసి కొత్త కుండీలో పెట్టుకోవచ్చు, పాత మోడూ చిగురిస్తుంది. కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, ఆ రసం కొందరికి దద్దుర్లు తెప్పిస్తుంది. బట్టల మీద పడితే మరక పోదు.

ప్రశ్న: కలాథియా ఆకుల కొనలు, అంచులు గోధుమరంగుకు తిరిగి కరకరలాడుతున్నాయి. వరండాలోని డ్రసీనాకూ అంతే. మాది బోరు. నీళ్లు వృథా చేయడం ఇష్టం లేక ఆర్ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లు బకెట్‌లో పట్టి మొక్కలకు పోస్తున్నాను. రోజుకు రెండు మూడుసార్లు ఆకుల మీద చల్లుతున్నాను కూడా. అయినా ఆగడం లేదు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కనిగిరి

జవాబు: మాస్టారూ, మీ మంచి ఉద్దేశమే ఇక్కడ మొక్కకు శిక్షయింది. మిషన్ నుంచి బయటికి పోయేవి మామూలు నీళ్లు కావు, బోరు నీళ్లకంటే చిక్కనైన ఉప్పు నీళ్లు. లెక్క చూడండి. మీ బోరు నీళ్లలో లీటరుకు 1000 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుందాం. మూడు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు తాగే నీళ్లు, రెండు లీటర్లు వృథా నీళ్లు వస్తాయనుకుందాం. మూడు లీటర్ల ఉప్పంతా దాదాపుగా ఆ రెండు లీటర్లలోకే చేరుతుంది. అంటే లీటరుకు 1450 దాకా. ఫ్లోరైడుకూ ఇదే లెక్క. ఆ నీళ్లు గచ్చు కడగడానికీ బాత్‌రూమ్‌కూ వాడుకోండి, రంగు ఆకుల మొక్కల దగ్గరికి రానివ్వకండి.

మీ ప్రాంతంలో ఫ్లోరైడు గురించి మీకు మేం చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. డ్రసీనా, కార్డిలైన్, కలాథియా, స్పైడర్ ప్లాంట్ మనుషుల కంటే సుకుమారం, లీటరుకు ఒక మిల్లీగ్రాముకు లోపే కొనలు మాడ్చుకుంటాయి. కారణం సులువే. వేరు తాగిన నీళ్లు ఆకు దాకా వచ్చి ఆవిరైపోతాయి, వాటితో వచ్చిన ఫ్లోరైడు మాత్రం పోదు. నీటి ప్రయాణం ఆగేది కొనలో, అంచులో కాబట్టి అక్కడే పేరుకుని కణాల్ని చంపేస్తుంది. మాడిన భాగం మళ్లీ పచ్చబడదు. చూడ్డానికి ఇబ్బందిగా ఉంటే కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరించండి, కానీ గోధుమ అంచు సన్నగా ఒక గీతంత వదిలేయండి. పచ్చని భాగంలోకి కోస్తే అక్కడ కొత్తగా మాడుతుంది.

కాచి చల్లార్చితే ఫ్లోరైడు పోతుందని కొందరంటారు. పోదు. నీళ్లు ఆవిరై మిగిలింది ఇంకా చిక్కబడుతుంది. రాత్రంతా బకెట్‌లో ఉంచితే పోయేది కుళాయి నీళ్లలోని క్లోరిన్ వాసన మాత్రమే.

మరి ఏ నీళ్లు? మిషన్ నుంచి వచ్చే తాగే నీళ్లు పోయొచ్చు. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్లలో లవణాలుండవు, రాత్రి నడిచిన ఏసీ కింద బకెట్ పెడితే ఐదారు కుండీలకు సరిపోను దొరుకుతాయి. ఏసీ సర్వీసింగ్ చేయించిన రోజు నీళ్లు మాత్రం పారబోయండి, అందులో సబ్బు మందు ఉంటుంది. అన్నింటికంటే మంచివి వాన నీళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు పడే కాలం. 100 చదరపు అడుగుల డాబా మీద రెండు సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 185 లీటర్లు. మొదటి వాన దుమ్ముతో, పక్షుల రెట్టలతో పోనిచ్చి, రెండో వాన నుంచి 200 లీటర్ల డ్రమ్ములో పట్టి దోమ దూరకుండా మూత బిగించండి. ఆరంగుళాల కుండీలోని కలాథియాకు నాలుగైదు రోజులకోసారి పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్లు పోస్తే నెలకు రెండు లీటర్లే అవుతుంది. ఐదు కుండీలున్నా ఆ డ్రమ్ము వేసవి దాటిస్తుంది.

ఇప్పటికే కుండీలో చేరిన ఉప్పును కడిగేయాలి. మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొక్కు కట్టి ఉంటుంది, దాన్ని అర అంగుళం మందాన గీకి తీసేయండి. తర్వాత కుండీ పరిమాణానికి రెట్టింపు మంచినీళ్లు, అంటే ఆరంగుళాల కుండీకి నాలుగు లీటర్లు, మూడు విడతలుగా మెల్లగా పోసి అడుగు నుంచి పూర్తిగా కారనివ్వండి. కింద పళ్లెంలో చేరినవి పారబోయాలి, మొక్క మళ్లీ వాటినే పీల్చుకోకూడదు. వాన నీళ్లకు మారితే ఈ పని మూడు నెలలకోసారి చాలు. సూపర్ ఫాస్ఫేట్ వేసే అలవాటుంటే ఈ మొక్కలకు మానేయండి, దాంట్లోనూ ఫ్లోరైడు ఉంటుంది.

ఆకుల మీద చల్లడం గురించి: మీరు చల్లిన తేమ ఐదు పది నిమిషాల్లో ఎగిరిపోతుంది, ఉప్పు మాత్రం తెల్ల మచ్చలుగా ఆకు మీదే మిగులుతుంది. దాని బదులు మొక్కలన్నింటినీ ఒకచోట దగ్గర దగ్గరగా చేర్చి, పడమటి గాలి సూటిగా తగలని గదిలో పెట్టండి. వేసవిలో వెలుతురున్న బాత్‌రూమ్ కిటికీ కలాథియాకు పుట్టిల్లులాంటిది. అంచు మాడకుండా ఆకు గొట్టంలా చుట్టుకుపోతుంటే అది పొడిగాలి దెబ్బో, దాహమో. కొన మాడి దాని వెనకే పసుపు గీత కనపడితే చాలాసార్లు అది నీళ్ల దోషం.

కాస్త గడుసు నీళ్లయినా ఓర్చుకునేవి క్రోటన్, స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్, సింగోనియం. బోరు తప్ప దిక్కులేని ఇళ్లకు ఇవే మేలు.

ప్రశ్న: మరాంటా మొక్క ఆకులు సాయంత్రమయ్యేసరికి నమస్కారం పెట్టినట్టు నిలువుగా లేస్తున్నాయి. పొద్దునకు మళ్లీ పడుకుంటున్నాయి. ఏదన్నా జబ్బా?
– విద్యార్థిని, సింగరాయకొండ

జవాబు: జబ్బు కాదు, ఆరోగ్యం. ఆకు, కాడ కలిసే చోట చిన్న కణుపులాంటి ఉబ్బు ఉంటుంది చూడండి. అందులోని కణాలు నీళ్లు నింపుకోవడం, వదలడం వల్ల ఆకు లేచి వాలుతుంది. కలాథియాలదీ ఇదే తీరు. లేవడం ఆగిపోతే అప్పుడు రాయండి.

ప్రశ్న: గృహప్రవేశానికి ఎవరో ఎర్ర అగ్లోనిమా ఇచ్చారు. అందమైన పింగాణీ కుండీ, అడుగున రంధ్రం లేదు. నీళ్లు నిలవకూడదని అడుగున గులకరాళ్లు పోసి పెట్టాం. రెండు నెలలు బాగానే ఉంది. ఇప్పుడు ఆకులు వాలిపోతే దాహమేమో అని ఇంకాస్త పోశాం. కాండం మొదట్లో మెత్తగా తగులుతోంది.
– దంపతులు, నెల్లూరు

జవాబు: వాలిన ప్రతి మొక్కకూ దాహం కాదు. వేళ్లు కుళ్లినా ఆకులు అలాగే వాలతాయి, తాగడానికి వేరంటూ లేదు కదా మరి. మట్టి తడిగా ఉండి ఆకు వాలిందంటే అనుమానించాల్సింది వేరునే.

ఈ రోజే కుండీలోంచి తీయండి. వాసన చూడండి, మురుగు వాసన వస్తే అనుమానమే లేదు. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరును వేళ్లతో లాగితే పైతొక్క ఊడి సన్నని దారం మిగులుతుంది. అలాంటివన్నీ కత్తిరించి, వేరు గుత్తిని పారే నీళ్లలో కడిగి, నీడలో ఒక పూట ఆరనివ్వండి. కత్తెరను మధ్యమధ్య స్పిరిట్‌తో తుడవాలి. మూడో వంతు వేళ్లయినా మిగిలితే ఆకుల్లో సగం తీసేసి కొత్త మిశ్రమంలో నాటి, కార్బెండజిమ్–మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు రెండు గ్రాముల చొప్పున కలిపి ఒక్కసారి మొక్క మొదలు దగ్గర పోయండి. ఇది బాల్కనీలోనో పెరట్లోనో, చేతులకు తొడుగులు వేసుకుని చేయాల్సిన పని. వేళ్లేమీ మిగలకపోతే మెత్తబడిన భాగం పూర్తిగా పోయే దాకా కోయండి. కోత లోపల గోధుమ చుక్క కూడా కనపడకూడదు. నాలుగంగుళాల గట్టి ముక్కను గాజు సీసాలో నీళ్లు పోసి నిలబెట్టి, మూడు రోజులకోసారి నీళ్లు మారిస్తే మూడు నుంచి ఐదు వారాల్లో వేరు వస్తుంది.

ఇక గులకరాళ్ల సంగతి. దాదాపు ప్రతి ఇంట్లోనూ పోస్తారు, పోయమని చెప్పే నర్సరీలూ ఉన్నాయి. వాటివల్ల నీళ్లు దిగవు. మెత్తటి మట్టి తన తడిని కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి అంత తేలిగ్గా వదలదు. రాళ్ల పైన మట్టి నానుతూనే ఉంటుంది. రాళ్లు పోసిన మేరకు తడి వేరుకు ఇంకా దగ్గరవుతుంది. రంధ్రమే లేని చోట రాళ్ల మధ్య చేరిన నీళ్లు బయటికి పోయే దారీ ఉండదు. పింగాణీ కుండీ మీద మోజుంటే దాన్ని పైతొడుగుగా ఉంచుకుని, లోపల రంధ్రాలున్న ప్లాస్టిక్ కుండీ పెట్టండి. నీళ్లు పోసిన అరగంటకు లోపలి కుండీ ఎత్తి కింద చేరినవి పారబోస్తే సరి.

ఎనిమిదంగుళాల కుండీకి నాలుగు లీటర్ల పైచిలుకు మిశ్రమం పడుతుంది. కొలతకు అర లీటరు మగ్గు పెట్టుకుంటే నాలుగు మగ్గులు కొబ్బరిపొట్టు, రెండు వర్మీకంపోస్టు, రెండు మగ్గులు ముతక ఇసుక, ఒక మగ్గు బఠాణీ గింజంత బొగ్గు ముక్కలు, రెండు చెంచాల వేపపిండి. ఇసుక పెన్నా ఇసుకే అయినా జల్లించి సన్నది తీసేయాలి, సన్న ఇసుక సిమెంటులా గడ్డకడుతుంది. రైస్ మిల్లు ఊక బూడిద ఊరికే దొరుకుతుందని దోసిళ్లతో వేసేవాళ్లున్నారు. అది క్షార గుణం, పిడికెడు మించనివ్వకండి. కొబ్బరిపొట్టు ఇటుక 650 గ్రాములది నాలుగు లీటర్ల నీళ్లకు ఉబ్బి ఎనిమిది తొమ్మిది లీటర్లవుతుంది. దాంట్లో ఉప్పుంటుంది, రెండు మూడు నీళ్లు మార్చి పిండాలి. చివరి కడుగు మంచినీళ్లతో చేయండి, ఉప్పు బోరు నీళ్లతో కడిగితే కడిగినట్టే కాదు. పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే నీళ్లను లోపలికి రానివ్వదు, పక్కల నుంచి జారి కింద పడిపోతాయి. చూసేవాళ్లకు బాగా తడిసినట్టుంటుంది, వేరు మాత్రం ఎండుతుంటుంది. అప్పుడు కుండీని అరగంట బకెట్ నీళ్లలో కూర్చోబెట్టి తీయడమే మార్గం.

ప్రశ్న: ఆగస్టులో కొన్న కెలాడియం గులాబీ ఆకులతో వరండాకే అందం తెచ్చింది. నవంబరు నుంచి ఒక్కో ఆకూ పండి పడిపోయి ఇప్పుడు ఖాళీ కుండీ మిగిలింది. పారేయమంటారా?
– బ్యాంకు ఉద్యోగి, ఆత్మకూరు

జవాబు: పారేయకండి సార్, అది నిద్రపోతోంది. కెలాడియం మన చేమకు దాయాదే. చేమ పాదులో ఆకులు పండి వాలాక దుంప తవ్వుకుంటాం కదా, ఇదీ అంతే. పగలు పొట్టిగా మారే కాలంలో ఆకు దించేసి దుంపలో దాక్కుంటుంది. చిక్కల్లా ఏమిటంటే దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలో నిద్రాకాలం పొడికాలం. మనకు సరిగ్గా అప్పుడే ముసురు. తాగే ఆకు లేని దుంప వరండాలో జల్లు పడి నానితే కుళ్లుతుంది. మన దగ్గర కెలాడియాలు రెండో ఏడు రాకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

ఇప్పుడు మట్టి ఆరనిచ్చి దుంప తవ్వండి. గట్టిగా ఉంటే మట్టి దులిపి, కడక్కుండా, వారం నీడన ఆరబెట్టండి. మెత్తటి చోటుంటే గట్టి భాగం దాకా కోసి ఆ కోత పూర్తిగా ఎండాలి. తర్వాత పొడి కొబ్బరిపొట్టు నింపిన అట్టపెట్టెలో ఇంట్లోనే పెట్టుకోండి. ఫ్రిజ్ వద్దు, 15 డిగ్రీల కింద దుంప చస్తుంది. ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో ఆరంగుళాల కుండీలో రెండంగుళాల లోతున, కళ్లు, అంటే మొలక వచ్చే బుడిపెలు, పైకుండేలా నాటండి. ఏది పైనో తెలియకపోతే అడ్డంగా పెట్టండి, మొలక తన దారి తాను చూసుకుంటుంది. నడిమి పెద్ద కన్ను కత్తి మొనతో తీసేస్తే పక్క కళ్లన్నీ లేచి మొక్క గుబురుగా వస్తుంది, ఆకులు మాత్రం కాస్త చిన్నవవుతాయి. మొలక కనపడే దాకా, అంటే మూడు నాలుగు వారాలు, నీళ్లు చిలకరించినట్టే పోయాలి. వచ్చే ఏడు సగం ఆకులు పండగానే నీళ్లు ఆపేసి కుండీ లోపలికి మార్చేయండి.

ప్రశ్న: కార్డిలైన్, క్రోటన్ ఆకులు దుమ్ము కొట్టినట్టు వెలవెలబోతున్నాయి. వెనకవైపు సన్నని బూజు. చేలో దోమకు కొట్టే మందు రెండుసార్లు కొట్టాం, ఇంకా ఎక్కువైంది. ఏం చెయ్యాల?
– రైతు కుటుంబం, టంగుటూరు

జవాబు: ఎర్రనల్లి. మిరప చేల్లో చూసిన తంతే ఇంట్లోనూ. ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. రాలిన దుమ్ము కదులుతుంటే, వేలితో నులిమితే మరక పడితే నల్లే. నల్లి ఎనిమిది కాళ్ల జీవి, సాలెపురుగు వంశం. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి దాన్ని చంపవు. పైగా దాన్ని తినే మంచి పురుగులు పోయి నల్లి పెరుగుతుంది. మీకు జరిగింది అదే అయ్యుండొచ్చు.

మొక్కను బయటికి తెచ్చి మట్టి మీద ప్లాస్టిక్ కవరు కట్టి, కుండీని పక్కకు వంచి, ఆకు వెనక నీళ్ల ధారతో గట్టిగా కడగండి. సగం నల్లి ఇక్కడే పోతుంది. సాయంత్రం లీటరు గోరువెచ్చని నీళ్లలో ముందు గిన్నెలు కడిగే ద్రవం రెండు మిల్లీలీటర్లు, ఆ తర్వాత వేపనూనె ఐదు మిల్లీలీటర్లు కలిపి, తెల్లగా పాలలా అయ్యేదాకా గిలకొట్టి ఆకు వెనక తడిసేలా పిచికారీ చేయండి. నూనె పైన తేలుతుంటే కొట్టకండి, ఆకు మాడుతుంది. కలాథియా లాంటి పల్చటి ఆకులయితే ముందు ఒక ఆకుకు కొట్టి రెండు రోజులు చూడండి. ఎండల్లో గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు పెట్టే దశకు నల్లికి వారం, పది రోజులే పడుతుంది. మందు గుడ్లను పూర్తిగా చంపదు కాబట్టి ఐదారు రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టాలి. రెండోసారికే తగ్గిందని ఆపేసేవాళ్లే మళ్లీ ఉత్తరం రాస్తారు. పక్కనున్న కుండీలన్నింటికీ ఒకేసారి కొట్టండి. రోహిణి కార్తె ఎండల్లో నల్లికి పండగే. ఆ రోజుల్లో వారానికోసారి ఆకుల వెనక తడిగుడ్డతో తుడిస్తే మందు దాకా రాదు.

ప్రశ్న: మా మనవడికి పదిహేను నెలలు. ఇంట్లో డిఫన్‌బాకియా, అగ్లోనిమా, సింగోనియం ఉన్నాయి. ప్రమాదమా?
– నాయనమ్మ, కోవూరు

జవాబు: పచ్చి కంద కోసినప్పుడు చేతులు దురద పెడతాయి చూడండమ్మా, ఆ దురద పెట్టే కాల్షియం ఆక్సలేట్ సూదులే ఈ మూడింటిలోనూ ఉన్నాయి. కెలాడియంలోనూ ఉంటాయి. కొరికితే నోరు మండి, నాలుక వాస్తుంది. పిల్లాడు నమిలితే నోట్లో ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడిచి, చల్లటి పాలో నీళ్లో కొద్దికొద్దిగా పట్టించండి. వాంతి చేయించకండి. గొంతు వాచినట్టున్నా, ఊపిరి పీల్చడం కష్టమవుతున్నా, చొంగ ఆగకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బాబు పెద్దయ్యే దాకా డిఫన్‌బాకియాను ఇంట్లోంచి పంపేయమనే మా సలహా. మిగతా రెండూ చేతికందని ఎత్తున పెట్టండి. కలాథియా, మరాంటాల్లో ఈ బాధ లేదు.

ప్రశ్న: పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకు ముక్కలు చేసి నాటాను. పిల్లలు వచ్చాయి, పసుపు అంచు రాలేదు. ఎందుకని?
– పాఠకుడు, దర్శి

జవాబు: ఆకు ముక్క నుంచి పిల్ల పుట్టేది లోపలి పచ్చ కణాల్లోంచి. అంచు పసుపు వేరే కణాల వరస, అది దిగదు. పిలకలు వేరుతో సహా విడదీసి నాటితేనే తల్లి పోలిక వస్తుంది. రంగు కలగలిసిన మనీ ప్లాంట్‌కు అచ్చ పచ్చటి తీగ వస్తే కణుపు దాకా కోసేయండి. అది బలంగా పెరిగి రంగు తీగను మింగేస్తుంది.

ప్రశ్న: కొండ ప్రాంతం నుంచి రెక్స్ బిగోనియాలు తెచ్చుకున్నాం. ఏప్రిల్ దాకా దివ్యంగా ఉన్నాయి, ఆ తర్వాత ఒక్కొక్కటే కుళ్లి కూలాయి.
– గృహిణి, నెల్లూరు

జవాబు: మళ్లీ కొనకండి. దానికి చల్లటి రాత్రి కావాలి. నెల్లూరులో మే నెల రాత్రి 28 డిగ్రీలకు దిగడమే గొప్ప. రాత్రంతా ఏసీ నడిచే గదిలో అయితే గాలి పొడి. రంగే కావాలంటే కోలియస్ పెంచండి, నాలుగంగుళాల కొమ్మ నీళ్లలో పెడితే పది రోజుల్లో వేరు వస్తుంది. పూల కంకి కనపడగానే తుంచేయాలి, లేకపోతే ఆకు చిన్నదైపోతుంది. రియో, జెబ్రినా, గులాబీ సింగోనియం కూడా మన ఎండాకాలం దాటతాయి.

ప్రశ్న: బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి ఇంట్లో కుండీలకు వేస్తే మంచిదేనా? ఈ మధ్య చిన్న చిన్న నల్ల ఈగలు లేస్తున్నాయి. పాలతో తుడిస్తే ఆకులు మెరుస్తాయట, నిజమా?
– పాఠకురాలు, పొదిలి

జవాబు: ఆ ఈగలు మీరు పోసే బియ్యం నీళ్ల మీద బతుకుతున్నాయి. పెరట్లో గులాబీకి పోయండి, ఇంటి లోపల వద్దు. పై అంగుళం మట్టి పూర్తిగా ఎండనిచ్చి నీళ్లు పోస్తూ, చేలల్లో కట్టే పసుపు జిగురు అట్ట చిన్న ముక్క కుండీలో గుచ్చితే నెలలో తగ్గుతాయి. పాలు, కొబ్బరినూనె రెండూ వద్దు, దుమ్ము పట్టి బూజు చేరుతుంది. తడిగుడ్డ చాలు. ఎరువు కావాలంటే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న, నీళ్లలో కరిగే ఎరువు) లీటరుకు ఒక గ్రాము, నెలకోసారి, తడి మట్టికే. ఏప్రిల్, మే నెలల్లో వేయకండి.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంట్. హాలుకు ఒక్కటే కిటికీ, దానికెదురుగా పక్కింటి గోడ. అయినా ఎరుపు, గులాబీ ఆకులే కావాలని మా పాప పట్టు. కుదురుతుందా?
– ఉద్యోగిని, ఒంగోలు

జవాబు: ముందు ఈ చిన్న పరీక్ష చేయండి. మధ్యాహ్నం పన్నెండింటికి మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తున అరచెయ్యి పెట్టండి. నీడ అంచులు తేటగా కనపడితే క్రోటన్ తప్ప మిగతావన్నీ పెరుగుతాయి. నీడ మసకగా ఉంటే ఎర్ర అగ్లోనిమా బతుకుతుంది గానీ కొత్త ఆకుల్లో పచ్చ పెరుగుతుంది. నీడే పడకపోతే దీపం లేకుండా ఏదీ పెరగదు. మన కళ్లు మసకకు అలవాటు పడతాయి కాబట్టి వెలుతురు చాలినట్టే అనిపిస్తుంది, వాటిని నమ్మొద్దు.

దీపమంటే ఊదారంగు ఖరీదైనదే అక్కర్లేదు. తెల్లటి 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు, డబ్బా మీద 6500కె అని ఉన్నది, ఆకులకు అడుగు ఎత్తున బిగించి రోజుకు పన్నెండు గంటలు వెలిగిస్తే చాలు. నెలకు ఏడు యూనిట్ల పైచిలుకు కరెంటు. అడుగు కాస్తా నాలుగడుగులైతే ఆ వెలుతురు మొక్కకు లెక్కలోకే రాదు, అందుకే సీలింగ్ లైటు పనికిరాదు. కింద అగ్లోనిమా, గులాబీ సింగోనియం, ఫిట్టోనియా మూడూ పెట్టొచ్చు. ఫిట్టోనియాకు నీళ్లు తగ్గితే ఒక్క పూటలో కుప్పకూలి, పోసిన గంటలో లేచి నిలబడుతుంది. పాపకు నీళ్లు పోయడం నేర్పడానికి అంతకంటే మంచి మొక్క లేదు.